గడువు పెంచిన కాగితంలో మీ సంతకం ఉందా?

ప్రశ్న: నేను ప్రభుత్వ టీచర్ని. 2021 జూన్‌లో మా బావగారు ఊళ్లోని వడ్డీ వ్యాపారి దగ్గర నాలుగు లక్షలు తీసుకుంటే అక్క మాట కాదనలేక హామీదారుగా సంతకం చేశాను. 2022 జూన్ 15లోగా తీర్చాలని అగ్రిమెంటు. బావగారు తీర్చలేదు. వ్యాపారి ఏడాది వడ్డీ ముందే తీసుకుని, అగ్రిమెంటు వెనక బావగారితో సంతకం చేయించుకుని, 2023 జూన్ 15 దాకా గడువు పెంచాడట. నాకు చెప్పలేదు. ఆ రాత ఫొటోను తర్వాత బావగారు వాట్సాప్‌లో పంపారు. ఇప్పుడాయన ఫోనెత్తడం లేదు. 2025 అక్టోబరులో నాకు లాయర్ నోటీసు వచ్చింది. 'మీరూ వెనక సంతకం చేసి పదివేలు చెల్లు రాయిస్తే దావా వెయ్యం' అని కబురు పంపారు. నేను రూపాయి వాడుకోలేదు. ముందు బావగారి మీదకు వెళ్లాలి కదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: రూపాయి వాడుకోలేదన్నది కోర్టులో పనికిరాదు. ముందు అప్పు తీసుకున్నవాడి మీదకే వెళ్లాలన్న నియమమూ లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం ఆయన బాధ్యత ఎంతో మీదీ అంతే.

మీ కేసంతా ఆ వెనక రాతలో ఉంది. అప్పిచ్చినవాడు హామీదారు ఒప్పుకోకుండా అప్పుదారుకి గడువిస్తూ ఒప్పందం చేసుకుంటే, సెక్షన్ 135 ప్రకారం హామీదారు విడుదలవుతాడు. ఊరికే దావా వేయకుండా ఊరుకుంటే మాత్రం విడుదల కాడు, అది సెక్షన్ 137. మీ విషయంలో వడ్డీ ముందే పుచ్చుకుని తేదీ వేసి మరీ గడువిచ్చాడు. దీన్ని ఊరుకోవడం అనరు.

ఇక్కడే వ్యాపారి ఇరుక్కున్నాడు. గడువు పెంచలేదంటే, పాత గడువు నుంచి దావా వేయడానికి ఉండే మూడేళ్లు (దీన్నే లిమిటేషన్ అంటారు) 2025 జూన్ 15తో అయిపోయాయి. పెంచానంటే సెక్షన్ 135 అడ్డొస్తుంది. మీ బావగారు వడ్డీ కట్టినంత మాత్రాన మీ మీద లిమిటేషన్ పెరగదని వాదించవచ్చు.

మరి పదివేల బేరం ఎందుకనుకున్నారు? మీ సంతకం లేక! ఆ సంతకం పడితే గడువు పెంపుకి మీరు ఒప్పుకున్నట్టవుతుంది. పైగా తీరుస్తానని రాసి సంతకం చేస్తే, కాలదోషం పట్టిన, అంటే లిమిటేషన్ దాటిన బాకీకి కూడా సెక్షన్ 25(3) కింద మళ్లీ ప్రాణం వస్తుంది. పాత తేదీ వేసి సంతకం పెట్టమంటే అసలే వద్దు. 'బాకీ నిజమే, కొంచెం టైమివ్వండి' అని వాట్సాప్‌లోనూ రాయకండి.

టీచరై ఉండి, నాలుగు లక్షల కాగితం మీద సంతకం పెట్టి దాని నకలు తీసుకోలేదా! అందులో 'గడువు పెంచినా నా హామీ కొనసాగుతుంది' అని ఉంటే సెక్షన్ 135 మిమ్మల్ని కాపాడకపోవచ్చు. 'అడిగినప్పుడు చెల్లిస్తాను' అని ఉంటే లిమిటేషన్ అడిగిన రోజు నుంచి లెక్కించే అవకాశం ఉంది.

కాబట్టి వెంటనే లాయర్ ద్వారా జవాబు నోటీసు ఇప్పించండి. గడువు పెంపుకి మీరు ఒప్పుకోలేదని రాసి, అగ్రిమెంటు రెండు వైపుల నకలు అడగండి. వాట్సాప్ ఫొటో ఉన్న ఫోన్ మార్చొద్దు, ఆ చాట్ చెరపొద్దు. దాన్ని కోర్టులో పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. దావా పడి సమన్లు అందితే 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. వాయిదాకి వెళ్లకపోతే మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ (ఏకపక్ష తీర్పు) రావచ్చు, అది మీ జీతం దాకా రావచ్చు.

నకలు చేతికొచ్చాక హామీ వాక్యం ఉన్నదున్నట్టు రాసి పంపండి. మిగతాది అప్పుడు చెబుతాను.