విదేశీ మ్యూజియంలో కొరియన్ సేకరణ దగ్గర ఇంటర్న్‌కి ఏం పని ఉంటుంది?

ప్రశ్న: ఆర్ట్ హిస్టరీ ఎం.ఏ. చదువుతున్నాను. అమెరికాలో ఒక మ్యూజియంలో కొరియన్ కళ విభాగంలో వేసవి ఇంటర్న్‌షిప్ వచ్చింది. కొరియన్ భాష రాదు. ఏం పని చేయిస్తారు? ముందే ఏం నేర్చుకోవాలి?

జవాబు:

గ్యాలరీలో సందర్శకులకు వివరించే పని అనుకుంటే మాత్రం నిరాశే. ఎక్కువ సమయం స్టోరేజీ గదిలోనూ కంప్యూటర్ ముందూ గడుస్తుంది. రికార్డులు సరిచేయడం, కండిషన్ రిపోర్టులు (వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదికలు) రాయడం, ఫొటోలు తీయడం, అంతే. కొరియన్ రాకపోయినా నెట్టుకురావచ్చు గానీ హంగుల్ లిపిని కూడబలుక్కునైనా చదవగలిగితే మంచిది, వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. పాత చిత్రాల మీది రాత చాలావరకు చైనా అక్షరాల్లో ఉంటుంది, దానికి అవి చదవగల నిపుణుల సాయం తప్పదు.

రికార్డుల్లో మొదటి తలనొప్పి పేర్లు. కొరియన్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేందుకు 1930ల్లో వచ్చిన మెక్‌క్యూన్-రైషౌర్ స్పెల్లింగులో ‘కోర్యో’ (జోసన్‌కు ముందు ఏలిన రాజవంశం) అని ఉన్నదే 2000లో కొరియా ప్రభుత్వం తెచ్చిన పద్ధతిలో ‘గోర్యో’ అవుతుంది. ఆ తర్వాతి జోసన్ వంశపు కాలాన్ని (1392–1910) పాత కార్డుల్లో ‘యీ వంశం’ అని రాశారు. అన్ని రూపాలతోనూ వెతికితే తప్ప ఆ సేకరణలో ఏమేం ఉన్నాయో తెలియదు. పాత పేరును చెరిపేసి కొత్తది ఎక్కించకండి, దాన్ని ప్రత్యామ్నాయ పేరు గడిలోకి మార్చండి. పాత రసీదులతో సరిపోల్చాల్సి వస్తే అదే ఆధారం.

తేదీల విషయంలో మనకో సౌకర్యం ఉంది. ప్రభవ, విభవ అంటూ సాగే 60 ఏళ్ల చక్రం మనకు కొత్త కాదు, వాళ్లదీ 60 ఏళ్లదే. మొదలు మాత్రం కలవదు: మన ప్రభవ 1987లో వస్తే, వాళ్ల మొదటి ఏడాది ‘గప్జా’ 1984లో వచ్చింది. చిత్రం మీద ‘ఇమ్జిన్’ అనే ఏడాది పేరు మాత్రమే ఉంటే అది 1592 కావచ్చు, 1652 కావచ్చు, 1712 కూడా కావచ్చు. శైలి, ముద్రలు చూసి తేల్చాల్సింది క్యూరేటర్. మీరు ఉన్నది ఉన్నట్టు రాసి, వీలున్న ఏళ్లన్నీ పక్కన పెట్టండి.

ఇక వస్తువుల దగ్గరికి వద్దాం. గోర్యో కాలపు సెలడాన్ (లేత ఆకుపచ్చ పూతతో కాల్చిన మట్టిపాత్ర) గిన్నె ఇచ్చారనుకోండి. ఉంగరాలు, వాచీ, మెడలో వేలాడే ఐడీ కార్డు ముందు తీసేయండి. వంగినప్పుడు ఆ కార్డే పోయి అంచుకు తగులుతుంది. నూలు గ్లౌజులు వద్దు, గ్లేజు (పాత్ర మీది గాజులాంటి పూత) మీద జారతాయి. రబ్బరులాంటి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. బల్ల మీద ఫోమ్ పరిచి, పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ మాత్రమే వాడండి. ఎత్తేముందు టార్చి వెలుగు పక్క నుంచి వేసి చూడాలి. ఎందుకంటే వీటిలో చాలావాటికి పాత మరమ్మతులుంటాయి. విరిగిన అంచును ప్లాస్టర్‌తో నింపి రంగు వేసేసి ఉంటే మామూలు కంటికి ఆనదు, అక్కడ పట్టుకుంటే ఆ ముక్క చేతిలోకి వచ్చేస్తుంది. అల్ట్రావయొలెట్ టార్చి కింద ఆ రంగు, జిగురు గ్లేజుకు భిన్నంగా కనిపిస్తాయి. అంచు పట్టి ఎప్పుడూ ఎత్తకూడదు. ఒక చెయ్యి అడుగున, ఇంకోటి పక్కన ఉండాలి.

గ్లేజులో సన్నని గీతల వల ఉంటే అది పగులు కాదు. లోపలి మట్టి దాకా దిగితేనే పగులు. బోర్లించి చూస్తే అడుగున చిన్న తెల్లటి మచ్చలు, తరచూ మూడు, కనిపిస్తాయి. బట్టీలో పాత్ర అంటుకుపోకుండా పెట్టిన రాతిపలుకుల గుర్తులవి, వాటిని దెబ్బ అని రాయకండి. 17, 18 శతాబ్దాల తెల్లటి ‘చంద్ర జాడీ’ నడుము చుట్టూ ఉండే గీత కూడా అంతే: రెండు గిన్నెల్ని విడివిడిగా చేసి అంచుకు అంచు కలిపిన అతుకు. కొత్తవాళ్లు దాన్ని తరచుగా పగులని రాసేస్తారు. నిజమైన దెబ్బ ఎక్కడుందో గడియారం లెక్కన రాస్తే ఎవరికైనా దొరుకుతుంది: ‘అంచు, 3 గంటల దగ్గర, 1.2 సెం.మీ. పెచ్చు’. ఏ పక్కను 12 గా తీసుకున్నారో ఫొటోలో చూపించడం మరవద్దు.

ముత్యపుచిప్ప పొదిగిన లక్క పెట్టెల్ని గుడ్డతో తుడవొద్దు. గాలి పొడిబారితే కింది చెక్క కుంచించుకుపోయి చిప్ప ముక్కలు లేస్తాయి, గుడ్డ పోగు తగిలితే ఊడిపోతాయి. మడత తెరల్ని (పలకలుగా మడిచే చిత్రాల తెరల్ని) ఇద్దరు కలిసే తెరవాలి, బలవంతం చేస్తే కీలు దగ్గర కాగితం చిరుగుతుంది. పలకల వరుస కుడి నుంచి ఎడమకు. మళ్లీ అతికించినప్పుడు వరుస తారుమారైన తెరలూ ఉంటాయి, కాబట్టి ప్రతి పలకకూ విడిగా ఫొటో తీయండి.

చెక్క పెట్టెలు, తాళ్లు, వర్తకుల చీటీలు చెత్తలా కనిపించినా పారేయొద్దు. గోర్యో సెలడాన్ చాలావరకు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో సమాధుల్లోంచి తవ్వి అమ్మినదే. అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పడానికి ఒక్కోసారి ఆ చీటీ తప్ప ఇంకేమీ మిగలదు. నా దృష్టిలో ఇంటర్న్ చేయగల అత్యంత విలువైన పని ఇదే.

కాగితాల సంగతి: మీరు అమెరికాలోనే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుతుంటే, జీతం లేకపోయినా సరే, చేరేముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో సీపీటీ (చదువులో భాగంగా పని చేసేందుకు అనుమతి) గురించి అడగండి. ఇండియా నుంచి వెళ్తుంటే సాధారణంగా జె-1 (ఎక్స్చేంజ్ వీసా) దారి. స్పాన్సర్ ఇచ్చే డీఎస్-2019 ఫారం చేతికొచ్చాకే వీసా ఇంటర్వ్యూ, కాబట్టి ఆ ఫారం ఎవరిస్తారో మ్యూజియం వాళ్లని మొదటి మెయిల్‌లోనే అడిగేయండి.