నమ్మకం లేని దీపం

ప్రశ్న: నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులొచ్చాక ఇంట్లో దీపం పెట్టే పని నా మీద పడింది. పెడుతున్నాను. "నమ్మకుండా పెడితే అది నటన కాదా అమ్మా" అంటుంది డిగ్రీ చదివే మా అమ్మాయి. యూదుల్లో నమ్మకం కన్నా ఆచరణే ముఖ్యమని వాళ్ల లెక్చరర్ చెప్పారట. నిజమేనా?
– ఒక గృహిణి, కందుకూరు

జవాబు: సగం నిజం. ఆ సగాన్ని గట్టిగా పట్టుకున్న యూదు ఆలోచనాపరుడు యెషాయాహు లైబోవిట్స్ (1903–1994). రీగాలో పుట్టి జెరూసలేంలో కెమిస్ట్రీ చెప్పిన ప్రొఫెసర్. ఆయన లెక్కలో విశ్వాసమంటే మనసులో కలిగే అనుభూతి కాదు, ధర్మశాస్త్రం చెప్పిన విధులు నెత్తికెత్తుకోవాలన్న నిర్ణయం. ప్రార్థన కూడా విధే. ఏదో కావాలని చేస్తే అది దేవుడి సేవ కాదు, మన సేవ.

ఇది చదివి నవ్వుకున్నాను. మా పెద్దాడికి ఉద్యోగం రావాలని మా ఆవిడ నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లి ఉద్యోగ రొట్టె పట్టింది. నేను స్వర్ణాల చెరువు గట్టున ఆమె చెప్పులు పట్టుకుని నిలబడ్డాను, పెద్ద నాస్తికుడిలాగా. మరుసటేడు ఉద్యోగం వచ్చింది. ఈసారి రొట్టెలు కాల్చి నా చేతికే ఇచ్చింది. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగానే గానీ, "ఉద్యోగ రొట్టె" అని అరవడానికి గొంతు పెగల్లేదు. ఒక కుర్రాడు తనే వచ్చి అడిగి తీసుకున్నాడు. సగం అక్కడే తిని, మిగతా సగం కర్చీఫులో చుట్టుకున్నాడు. లైబోవిట్స్ చూస్తే మా ముగ్గురికీ కలిపి చీవాట్లు పెట్టేవారు.

ఇంకో యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ (1878–1965) అయితే చీవాట్లు పెట్టరు. ఆయన ఆచారాలు పెద్దగా పాటించలేదు కూడా. ఎదుటి మనిషిని వస్తువులా కాక 'నువ్వు' అని మనసారా పలకరిస్తే, అక్కడ దేవుడి కొంగు అంచు కనిపిస్తుందని 1923లో రాశారు. ఫలానాది నిజమని ఒప్పుకోవడం వేరు, ఒకరి మీద భరోసా పెట్టుకోవడం వేరు. యూదుల పాత విశ్వాసం రెండోదని ఆయన వాదన. కర్చీఫు కుర్రాడు గుర్తొస్తే నేను బూబర్ పక్షం.

మీకు మాత్రం ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ (1886–1929) దగ్గరవుతారు. ఈయనా యూదు తత్వవేత్తే, 1913లో క్రైస్తవం పుచ్చుకోబోయి ఆగిపోయిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో బాల్కన్ ఫ్రంట్ నుంచి తన పుస్తకాన్ని పోస్టుకార్డుల మీద రాసి అమ్మకు పంపారు! ఆచారాలు ఒక్కొక్కటే, తనకు వంటబట్టినంత మేరకే చేపట్టారు. ప్రార్థనప్పుడు చేతికీ నుదుటికీ లేఖనాల పెట్టెలు కట్టుకుంటారా అని ఎవరో అడిగితే, "ఇంకా లేదు" అన్నారని చెబుతారు. 'లేదు' అనలేదు, చూడండి. అమ్మాయి ఈసారి నటన అంటే ఆ రెండు మాటలూ అప్పజెప్పండి.

అన్నట్టు, ఆచారాల మీద బూబర్‌కూ ఈయనకూ పడేది కాదు. అయినా 1925లో ఇద్దరూ కలిసి హీబ్రూ బైబిల్‌ను జర్మన్‌లోకి అనువదించడానికి కూర్చున్నారు. మీరూ మీ అమ్మాయీ వాదించుకుంటూనే వత్తులు చేసుకోండి.