షెడ్యూల్ అన్యాయమని రాసే ముందు

తమ్ముడూ,

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ షెడ్యూళ్లు అన్యాయమంటూ నువ్వు రాసిన వ్యాసం అందింది, చదివాను. కాలేజ్ ఫుట్‌బాల్ మీద తెలుగులో రాయాలన్న ఆలోచన నాకు నచ్చింది. ఆస్టిన్‌కో, కాలేజ్ స్టేషన్‌కో, కొలంబస్‌కో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మన పిల్లలు, శనివారం పొద్దున ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కా వేసుకుని ఎటు పోతోందో అర్థంకాక మొదటి సెమిస్టర్ గడిపేస్తారు. రెండో ఏడాదికి ఆ చొక్కా వాళ్లూ కొంటారు. వాళ్లకు ఈ ఆట లోగుట్టు మన భాషలో చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి రాయి. కానీ ఈ వ్యాసాన్ని ఇలాగే ఎక్కడికీ పంపకు.

మొదటి పేరాలోనే ‘ఘోర అన్యాయం’ అన్నావు. కాస్త దిగగానే ‘కుట్ర’. చివర్లో ‘సిగ్గుచేటు’. ఇంత కోపం ఉంది గానీ ఏ టీమ్ ఎవరితో ఆడింది, ఎవరితో ఆడకుండా తప్పించుకుంది అన్నది వెతికినా దొరకలేదు. చదివేవాడికి నీ కోపం తెలుస్తుంది, దాని కారణం తెలియదు.

ముందు లెక్క చెయ్యి. కొన్ని కాలేజీల టీములు తమలో తాము ఆడుకునే కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అదే అందరూ ఎస్‌ఈసీ అనేది, 2024లో టెక్సస్, ఓక్లహోమా చేరాక 16 టీములైంది. అందరూ అందరితో ఒక్కసారి ఆడాలన్నా 120 ఆటలు కావాలి, అంటే టీమ్‌కి 15. రెగ్యులర్ సీజన్ మొత్తం కలిపినా ఒక టీమ్ ఆడేది 12. అందులో బయటి టీములతో ఆడేవి పోను, 2025 వరకు కాన్ఫరెన్స్ ఆటలు ఎనిమిదే. మొత్తం 64. అంటే ఏ టీమ్ తీసుకున్నా ఆ ఏడాది మొహం కూడా చూడని టీములు ఏడు ఉంటాయి. ఇంకో కాన్ఫరెన్స్ బిగ్ టెన్ పేరుకే పది, 2024 నుంచి అక్కడ 18 టీములు. వాళ్లు తొమ్మిది ఆడి ఎనిమిది మందిని వదిలేస్తారు.

మన పాఠకుడికి ఇది ఐపీఎల్‌తో చెప్పు, వెంటనే ఎక్కుతుంది. పది టీములు, ఒక్కో టీమ్‌కి 14 మ్యాచ్‌లు, ఐదు టీములతో రెండేసి సార్లు, నాలుగింటితో ఒక్కోసారి. ఎవరికి ఎవరు రెండుసార్లు తగిలారని అక్కడే వాదనలు నడుస్తాయి. అయినా ఐపీఎల్‌లో ప్రతి టీమూ ప్రతి టీమ్‌నీ ఒక్కసారైనా ఎదుర్కొంటుంది. ఇక్కడ దాదాపు సగం మందితో అసలు ఆటే లేదు. చివర్లో మాత్రం అందరినీ ఒకే పట్టికలో నిలబెట్టి పైనెవరు, కిందెవరు అని తేలుస్తారు.

ఈ లెక్క కాగితం మీద పెట్టగానే ‘కుట్ర’ అన్న మాట నీ వ్యాసంలోంచి దానంతటదే పోతుంది. ఇంత పెద్ద కాన్ఫరెన్స్‌లో అందరికీ సమానమైన షెడ్యూల్ ఎవరూ వేయలేరు. ఎవరికో ఒకరికి బరువు ఎక్కువ పడుతుంది. అది ఎవరి మీద పడాలన్నది మాత్రం మనుషులు కూర్చుని తేల్చుకుంటారు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకు ఉంటాయి. నువ్వు తవ్వాల్సింది అక్కడ.

జార్జియా, టెక్సస్ ఏ అండ్ ఎం సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. నన్నడిగితే వ్యాసమంతా దాని మీదే రాయొచ్చు. ఏ అండ్ ఎం 2012లో ఎస్‌ఈసీలోకి వచ్చింది. అప్పటి నుంచి 2025 సీజన్ ముగిసేదాకా జార్జియా ఒక్కసారి కూడా ఏ అండ్ ఎం సొంత ఊరైన కాలేజ్ స్టేషన్‌కి వెళ్లి ఆడలేదు. ఎందుకంటే అప్పట్లో 14 టీములు, ఈస్ట్, వెస్ట్ అని రెండు డివిజన్లు. ఎనిమిది ఆటల్లో ఆరు సొంత డివిజన్ వాళ్లతో పోతాయి. ఏడోది అవతలి డివిజన్‌లో ఏటా మారని ఒక ప్రత్యర్థితో. మిగిలిన ఆ ఒక్క ఆట కోసం ఆరు టీములు వంతు కాయాలి. అంటే ఒక టీమ్‌తో ఆరేళ్లకోసారి ఆట, వాళ్ల ఊరికి వెళ్లడం పన్నెండేళ్లకోసారి. 2019లో ఏ అండ్ ఎం జార్జియాకి వచ్చి 19-13తో ఓడి వెళ్లింది. జార్జియా బదులు వెళ్లే వంతు రాకముందే 2023తో డివిజన్లే ఎత్తేశారు.

ఆ మారని ప్రత్యర్థిని ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి. అలబామా–టెనసీ, జార్జియా–ఆబర్న్ ఆటలు ఏ ఏడాదీ ఆగకూడదన్నది పెద్ద కారణం. జార్జియా, ఆబర్న్ 1892 నుంచి ఆడుకుంటున్నాయి. అలాంటి పాత పోటీల కోసం పెట్టిన పద్ధతి అందరికీ వర్తించింది, అలబామాతో ఒకే డివిజన్‌లో ఉన్న లూసియానా స్టేట్, అంటే ఎల్‌ఎస్‌యూ వాటాకి ఫ్లోరిడా పడింది. ఆ తర్వాత చూడు. 2007 నుంచి 2021 దాకా టెనసీ మీద అలబామా వరసగా 15 సార్లు గెలిచింది. ఆ కాలంలో ఎల్‌ఎస్‌యూకి ఏటా ఎదురుగా ఫ్లోరిడా, 2008లో అయితే దేశానికే ఛాంపియన్. ఎల్‌ఎస్‌యూ కోచ్ లెస్ మైల్స్ దీని మీద బాహాటంగానే గొడవ పడ్డాడు. ఆ గొడవలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

ఇక్కడే ఆపితే మాత్రం సగం కథే. 1995 నుంచి 2001 దాకా వరసగా ఏడేళ్లు టెనసీయే అలబామాని ఓడించింది, మధ్యలో 1998లో జాతీయ ఛాంపియన్ కూడా అయింది. ఆ రోజుల్లో జాలిపడాల్సింది అలబామా మీద. 1992లో కాన్ఫరెన్స్‌ని రెండు డివిజన్లు చేసినప్పుడు ఇదంతా ఎవరికి తెలుసు?

అందుకే షెడ్యూల్ వేసిన రోజు ఏం తెలుసో, సీజన్ అయ్యాక ఏం తెలిసిందో విడివిడిగా రాయి. టెక్సస్ 2024 షెడ్యూల్‌ని నువ్వు ‘పూలపాన్పు’ అన్నావు. ముందు చూపుతో చూస్తే అందులో మిషిగన్ ఉంది, అప్పటికి దేశ ఛాంపియన్. ఓక్లహోమా ఉంది, అంతకుముందు ఏడాది పది గెలుపులు. సీజన్ ముగిసేసరికి మిషిగన్ 8-5 (ఎనిమిది గెలుపులు, ఐదు ఓటములు), ఓక్లహోమా 6-7. షెడ్యూల్ వేసినవాడు టెక్సస్‌కి మేలు చేయలేదు, ఆ టీములే పడిపోయాయి. అదే ఏడాది జార్జియా అలబామాతో ఆడటానికి టస్కలూసాకి, టెక్సస్‌తో ఆడటానికి ఆస్టిన్‌కి, మిసిసిపీతో ఆడటానికి ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్లాల్సి వచ్చింది. మూడూ పరాయి మైదానాలే, మూడూ గట్టి టీములే. ఇది మాత్రం వేసిన రోజునే కాగితం మీద కనిపిస్తున్న బరువు. రెండింట్లో ఓడింది, అయినా కాన్ఫరెన్స్ ఫైనల్‌లో టెక్సస్‌నే ఓవర్‌టైమ్‌లో 22-19తో కొట్టి టైటిల్ ఎత్తుకుపోయింది. ఈ రెండు కేసుల తేడా ఒక్కటి చూపించగలిగితే నీ పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

ఇండియానా విషయంలో నీ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. 2024లో వాళ్లు 11-1తో ప్లేఆఫ్‌లోకి, అంటే జాతీయ టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ ఆటల్లోకి వెళ్తే ‘ఎవరితోనూ ఆడకుండా వచ్చారు’ అని రాశావు. అందులో కొంత నిజముంది. ఆ ఏడాది బిగ్ టెన్ ఫైనల్ ఆడిన ఆరెగన్, పెన్ స్టేట్ రెండూ వాళ్లకు తగల్లేదు. తగిలిన ఒహాయో స్టేట్ 38-15తో ఓడించింది, ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లోనే నోటర్ డామ్ ఇంటికి పంపింది. సరే. కానీ షెడ్యూల్ తేలిక కావడం వేరు, టీమ్ తేలిక కావడం వేరు. మరుసటి సీజన్‌లో అదే కోచ్ కర్ట్ సిగ్నెట్టీ కింద ఇండియానా ఒహాయో స్టేట్‌ని ఓడించి బిగ్ టెన్ గెలిచింది, ప్లేఆఫ్‌లో అలబామానీ, ఆరెగన్‌నీ దాటి, ఒక్క ఓటమి లేకుండా జాతీయ టైటిల్ కొట్టింది. తేలిక షెడ్యూల్ ఒక టీమ్ గురించి మనకు తక్కువ చెబుతుంది, అంతే. ఆ తక్కువని ‘చేతకాదు’ అని చదవడం నీ తొందర.

ఏ టీమ్‌కి ఏటా మారని ప్రత్యర్థులు ఎవరో పట్టిక వేసుకో. బిగ్ టెన్‌లో ఇది అందరికీ ఒకే సంఖ్య కాదు. ఐయోవాకి ముగ్గురు: మినెసోటా, నెబ్రాస్కా, విస్కాన్సిన్. ఒహాయో స్టేట్‌కి ఒక్కరే, మిషిగన్. పెన్ స్టేట్‌కి ఎవరూ లేరు. ఐయోవా, మినెసోటా ఆటలో గెలిచినవాళ్లు తీసుకుపోయేది కంచు పంది బొమ్మ. 1935లో రెండు రాష్ట్రాల గవర్నర్లు ఆట మీద పంది పందెం కాసుకున్నారు, ఓడిన ఐయోవా గవర్నర్ నిజం పందినే ఇచ్చాడు. షెడ్యూల్ వేసే కంప్యూటర్‌కి ఈ పంది విలువ తెలియదు. షెడ్యూల్ సమానంగా రావాలంటే ముందు తీసేయాల్సింది ఇలాంటి ఆటల్నే. తీసేస్తే ఆ రెండు ఊళ్లూ ఊరుకోవు, ఊరుకోకూడదు కూడా. నీ వ్యాసంలో అభిమాని గొంతు లేకపోవడం వల్లే ‘అన్నీ చీటీలేసి తీస్తే పోలా’ అని అంత తేలిగ్గా అనేశావు. ఏ అండ్ ఎం ఎస్‌ఈసీకి వెళ్లిపోయాక టెక్సస్‌తో ఆట 2012 నుంచి 2023 దాకా ఆగిపోయింది. ఆ పన్నెండేళ్లు ఆస్టిన్‌లో, కాలేజ్ స్టేషన్‌లో ఉన్న వాళ్లెవర్నైనా కదిపి చూడు.

ప్రయాణాల గురించి రాసిన పేరా బాగానే ఉంది, పెద్దగా కెలకకు. ఒక్క సవరణ. లాస్ ఏంజెలెస్ నుంచి యూసీఎల్‌ఏ 2024 అక్టోబర్ ఒక్క నెలలోనే పెన్ స్టేట్‌కీ, న్యూజెర్సీలో రట్గర్స్‌కీ వెళ్లాల్సి వచ్చిందన్నావు, నిజమే. రట్గర్స్ మీద గెలిచి వచ్చారని రాయలేదు. నీ వాదనకు అడ్డొచ్చే ఫలితాన్ని నువ్వు చెప్పకపోతే కింద కామెంట్లలో ఇంకెవడో చెబుతాడు.

కోచ్‌ల మాటలు ఎక్కువ వాడావు. వాళ్లు తెలివైనవాళ్లే, కానీ ఈ విషయంలో ప్రతి కోచ్‌కీ స్వార్థం ఉంది. తొమ్మిదో కాన్ఫరెన్స్ ఆట గురించి ఎస్‌ఈసీలో ఏళ్ల తరబడి నడిచిన వాదన చూడు. ఆట ఒకటి పెరిగితే మొత్తం 64 కాస్తా 72 అవుతుంది. అంటే ఎనిమిది కొత్త ఓటములు కాన్ఫరెన్స్ లోపలే పుడతాయి. బయటి చిన్న టీమ్‌ని పిలిచి ఓడించుకునే చోట ఇంకో గట్టి టీమ్ వచ్చి కూర్చుంటుంది. పన్నెండు టీముల ప్లేఆఫ్‌కి ఎవరు వెళ్లాలో ఒక కమిటీ ఓట్లేసి తేల్చేటప్పుడు ఆ అదనపు ఓటమి ఎవరి కొంప ముంచుతుందోనని అందరికీ టెన్షన్. అటు బిగ్ టెన్ వాళ్లేమో, మేం 2016 నుంచి తొమ్మిది ఆడుతుంటే మీరు ఎనిమిదితో సరిపెడతారా అని దెప్పేవారు. 2025 ఆగస్టులో ఎస్‌ఈసీ దిగొచ్చింది. 2026 నుంచి తొమ్మిది ఆటలు, ముగ్గురు మారని ప్రత్యర్థులు, మిగిలిన ఆరు మారుతూ ఉంటాయి. రెండేళ్లలో ప్రతి టీమూ ప్రతి టీమ్‌తో ఒక్కసారైనా ఆడాలి, నాలుగేళ్లలో ప్రతి ఊరికీ వెళ్లి రావాలి. జార్జియాకి కాలేజ్ స్టేషన్ దారి ఇక తప్పదన్నమాట. మంచి మార్పే, కానీ కొత్త చిక్కు కూడా వచ్చింది. తొమ్మిది బేసి సంఖ్య. ఒకరికి సొంత ఊళ్లో ఐదు, ఇంకొకరికి నాలుగు. దీని మీద నువ్వు ఒక్క ముక్కా రాయలేదు.

ఇంకో మాట. నువ్వు ఏ టీమ్ అభిమానివో వ్యాసంలో ఎక్కడో ఒకచోట చెప్పెయ్. నువ్వు చెప్పకపోయినా విశేషణాలు చెబుతున్నాయి. వాటిని సగానికి తగ్గించు. అంకెలు కూడా ఒక పేరాలో గుమ్మరించకు. ఒక అంకె, దాని వెనక ఒక ఆట, ఆ ఆట వల్ల ఎవరికి ఏం పోయింది, ఈ వరసలో నడిస్తే ఫుట్‌బాల్ తెలియనివాడు కూడా నీ వెంట వస్తాడు.

చివరిగా ఏసీసీ, అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ సంగతి. నీ తర్వాతి వ్యాసం దీని మీదే రాయమంటాను. 2025లో అక్కడ డ్యూక్, మయామీ సహా ఐదు టీములు కాన్ఫరెన్స్ ఆటల్లో 6-2 దగ్గర ఆగాయి. అందరూ అందరితో ఆడలేదు కాబట్టి ఒకరినొకరు ఓడించిన లెక్క తేలలేదు. ఆఖరికి ఎవరి కాన్ఫరెన్స్ ప్రత్యర్థులు ఎక్కువ గెలిచారో చూసి డ్యూక్‌ని ఫైనల్‌కి పంపారు. మొత్తం సీజన్‌లో 7-5 ఉన్న డ్యూక్, వర్జీనియాని ఓవర్‌టైమ్‌లో ఓడించి ఛాంపియన్ అయింది, అయినా ప్లేఆఫ్‌లో చోటు దొరకలేదు. ఆ ఫైనల్‌కే నోచుకోని మయామీ మాత్రం ప్లేఆఫ్‌లో జాతీయ టైటిల్ ఆట దాకా వెళ్లింది.

ఇప్పుడు ఆ కాన్ఫరెన్స్ కూడా తొమ్మిది ఆటలకు మారుతోంది. కానీ అక్కడ టీములు 17. పదిహేడు తొమ్మిదులు 153, దాన్ని రెండుతో భాగిస్తే ఆట సగానికి తెగుతుంది. కాబట్టి ఏ ఏడాదైనా కనీసం ఒక టీమ్ ఎనిమిదితో ఆగాల్సిందే. పట్టికలో చోటు గెలుపు శాతాన్ని బట్టి కాబట్టి ఒక్క ఓటమి ఉన్న ఎనిమిది ఆటల టీమ్ 7-1, అంటే 0.875. అదే ఒక్క ఓటమి ఉన్న తొమ్మిది ఆటల టీమ్ 8-1, అంటే 0.889. ఓటములు సమానమే, ఎనిమిది ఆడిన టీమ్ కింద. కానీ ఆ టీమ్‌కి ఓడిపోయే అవకాశం కూడా ఒక ఆట తక్కువ. ఈ రెండింట్లో ఏది బరువో వట్టి వాదనతో తేలదు. పాత సీజన్ల పట్టికలు తీసి, ఒక్కో టీమ్ ఖాతాలోంచి ఒక్కో ఆట తీసేసి, ఎవరు పైకి పోయారో ఎవరు కిందికి జారారో చూడు. ఏం తేలిందో ‘అన్యాయం’ అన్న మాట వాడకుండా రాసి, సీజన్ మొదలయ్యేలోపు నాకు పంపు.

నీ అన్నయ్య