‘గుల్లచేపలు’ అనవచ్చునా?

సందేహం: మాది గంజాం జిల్లా బరంపురం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగలోని ఆల్చిప్పల మీద, పీతల మీద పరిశోధన చేసే ఒక సముద్ర జీవశాస్త్రజ్ఞురాలి కృషిని గురించి వ్యాసం రాస్తూ, ‘షెల్‌ఫిష్’ అన్నదానికి ‘గుల్లచేపలు’ అని రాశాను. చదివిన మిత్రుడు దాన్ని ‘కవచ మత్స్యాలు’ అని దిద్దాడు. ‘తీర పర్యావరణ వ్యవస్థ’ అన్న ప్రయోగం కూడా తప్పే అన్నాడు. ఏది సరైనది?

సమాధానం: మొదటి మాట విషయంలో మీరూ, మీ మిత్రుడూ ఒకే చోట పొరబడ్డారు. నీటిలో బతికే ప్రాణిని, వెన్నెముక ఉన్నా లేకపోయినా, ‘ఫిష్’ అని పిలిచే పాత అలవాటు ఇంగ్లీషుకు ఉంది గాని తెలుగుకు లేదు. ఇచ్ఛాపురం సంతలో అమ్మే మనిషి చేపలు, రొయ్యలు, పీతలు అని విడివిడిగా చెబుతుందే తప్ప, రొయ్యను చేపల లెక్కలో వేయదు. మీ చుట్టూ ఉన్న ఒడియావారు రొయ్యను ‘చింగుడి మాఛ’ అనడం మీరు వింటూనే ఉంటారు కనుక, గుల్లకు చేపను తగిలించడం మీకు సహజంగా తోచి ఉండవచ్చు. ‘రొయ్యచేప’ అని మాత్రం మీ ఇంట్లో ఎవరూ అని ఉండరు. ‘కవచ మత్స్యాలు’ అన్నప్పుడు ఆ దోషం పోలేదు, సంస్కృతం చాటుకు చేరింది, అంతే. ‘మత్స్యసంపద’ వంటి పాలనాపరమైన మాటలో రొయ్యలూ పీతలూ కలిసిపోవడం వేరు సంగతి; అక్కడ లెక్కిస్తున్నది రాబడిని, జాతులను కాదు. ‘నక్షత్రచేప’ స్థిరపడలేదా అని అడుగుతారేమో. అది పాఠ్యపుస్తకాల దారిన వచ్చి నిలిచిపోయింది, కాని మంచి పేర్లు ముందే ఉన్నచోట మరొక తప్పుకు దానిని సాక్ష్యంగా తేలేము.

నిజానికి ఈ ప్రాణుల విషయంలో తెలుగు చూపిన వివేకం శాస్త్రానికి చాలా దగ్గరగా ఉంది. లోపల డొల్లగా ఉన్నది గుల్ల. కొబ్బరిచిప్ప, మోకాలిచిప్పల్లో వలె పలచగా, గుంటగా ఉండే భాగం చిప్ప. అందుకే నత్తకు ఉన్నది గుల్ల, రెండు తలుపుల్లా మూసుకొనే ఆల్చిప్పకు ఉన్నవి చిప్పలు. పీతకు ఉన్నదాన్ని డిప్ప అనో పెంకు అనో అంటాము గాని గుల్ల అనము. శాస్త్రజ్ఞులు కూడా నత్తలనూ ఆల్చిప్పలనూ మొలస్కా అనే వర్గంలోను, పీతలనూ రొయ్యలనూ క్రస్టేషియా అనే వర్గంలోను చేర్చారు. మొదటివాటి గుల్ల ప్రధానంగా కాల్షియం కార్బొనేటుతో ఏర్పడి ప్రాణితోపాటు పెరుగుతుంది. కాల్చి గుల్లసున్నం చేసేది దానినే. రెండవవాటి పెంకు పెరగలేదు కనుక, పాము కుబుసం విడిచినట్లు అవి దానిని ఎప్పటికప్పుడు విడిచి కొత్తది తొడుక్కుంటాయి. ఇంత భేదమున్న రెండు వర్గాలకూ ఒకే పేరు తప్పనిసరిగా కావలసివస్తే ‘పెంకు గల జలచరాలు’ అనండి. లేకుంటే ‘ఆల్చిప్పలు, పీతలు, రొయ్యలు’ అని పేర్లే రాయండి. నా మొగ్గు రెండవదానివైపే.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఆల్చిప్పకు బదులు ‘ముత్యపుచిప్ప’ అని రాయడం వాడుకలో ఉన్నదే అయినా, పరిశోధన గురించి రాసేటప్పుడు అది చిక్కు తెస్తుంది. మన్నార్ సింధుశాఖలో ప్రసిద్ధి కెక్కిన ముత్యపుచిప్పల కుటుంబం వేరు, నదుల మొగల్లో రాళ్లకు అంటుకొని పెరిగే తినదగిన ఆల్చిప్పల కుటుంబం వేరు. ఇవి నీటిని వడపోసి అందులోని సూక్ష్మజీవులను తింటాయి. ఆ నీటిలోని భారలోహాలు వాటి మాంసంలో పేరుకుంటాయి కనుక, ఈ జాతి ప్రాణులను పరీక్షించి తీరజలాల కాలుష్యాన్ని కనిపెట్టవచ్చునని అమెరికా సముద్ర రసాయనశాస్త్రజ్ఞుడు గోల్డ్‌బర్గ్ 1975లో ప్రతిపాదించాడు. ‘ఫిల్టర్ ఫీడర్లు’ అన్నదానికి ‘నీటిని వడపోసి తినే ప్రాణులు’ అంటే చాలు. ‘నిస్యందక భక్షకాలు’ వంటి సమాసాన్ని విప్పుకొనే ఓపిక పాఠకునికి ఉండదు.

ఇక రెండవ మాట విషయంలో మీ మిత్రుడు చెప్పినదే సరి. పర్యావరణం అంటే ప్రాణి చుట్టూ ఉన్న పరిసరం. ప్రాణులూ ఆ పరిసరమూ ఆహారాన్నీ శక్తినీ ఇచ్చిపుచ్చుకొంటూ ఒక్కటిగా నడిచే ఏర్పాటుకు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు టాన్స్‌లీ 1935లో ‘ఇకోసిస్టమ్’ అన్న పేరు వాడాడు. మన పాఠ్యపుస్తకాలు దానిని ‘ఆవరణ వ్యవస్థ’ అంటున్నాయి. మీకు దగ్గరలోని చిలికా సరస్సునే చూడండి. 2000లో సముద్రానికి కొత్త మొగ తవ్వాక నీటిలో ఉప్పదనం మారింది, మంచినీటి కలుపు తగ్గింది, చేపలూ రొయ్యలూ పీతలూ పెరిగాయి. ఇందులో ఉప్పదనం పర్యావరణంలో ఒక అంశం మాత్రమే. ఒకదాని మార్పు మిగిలినవాటికి పాకే ఆ మొత్తం అల్లిక ఆవరణ వ్యవస్థ. అందువల్ల ‘తీర ఆవరణ వ్యవస్థ’ అని రాయండి. ‘తీరావరణ వ్యవస్థ’ అని మాత్రం కలపకండి: సవర్ణదీర్ఘసంధి ప్రకారం అది నిర్దుష్టమే గాని, చదివేవారికి తీరానికి కట్టిన ప్రహరీ ఏదో స్ఫురిస్తుంది.