దూడ మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తే కిడ్నీలు దెబ్బతిన్నట్లేనా?

ప్రశ్న: మా పెయ్యదూడ వయసు పది రోజులు. మూడు రోజులుగా పారుతోంది. మూత్రాన్ని స్ట్రిప్‌తో పరీక్షిస్తే ప్రొటీన్ రెండు ప్లస్‌లు వచ్చింది. పుట్టిన మర్నాడు చూసినప్పుడూ ప్రొటీన్ ఉంది. కిడ్నీలు పాడయ్యాయా?

జవాబు: పుట్టిన మర్నాటి ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి. జున్నుపాలు తాగిన దూడ పేగుల నుంచి చిన్న ప్రొటీన్లు రక్తంలోకి చేరి, మొదటి ఒకటి రెండు రోజులు మూత్రంలో బయటికి పోతాయి; ఒకరకంగా అది పాలు ఒంటబట్టాయనడానికి గుర్తే. పదో రోజున కనిపించిన ప్రొటీన్‌ను మాత్రం అలా వదిలేయలేము. అయితే పారుడు వల్ల ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడినప్పుడు స్ట్రిప్ రంగు ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది కనుక, దాన్నొక్కదాన్నే చూసి కిడ్నీ జబ్బు అనడం సరికాదు.

ఇక్కడ అసలు చూడవలసింది మూత్రం సాంద్రత, అంటే నీటితో పోలిస్తే అది ఎంత చిక్కగా ఉందన్నది. దీన్ని రిఫ్రాక్టోమీటర్ అనే కొలిచే పరికరంతోనే కొలిపించాలి. స్ట్రిప్ మీద సాంద్రతకూ, తెల్లకణాలకూ ఉన్న గడులు పశువుల విషయంలో నమ్మదగినవి కావు. కళ్లు గుంటలు పడి, చర్మం పట్టి వదిలితే ఆలస్యంగా సర్దుకునే దూడలో కిడ్నీలు బాగుంటే నీటిని దాచుకుంటాయి, అందువల్ల సాంద్రత సాధారణంగా 1.025 దాటుతుంది. అంత నీటి కొరతలోనూ అది 1.008 నుంచి 1.012 మధ్యే ఆగిపోతే కిడ్నీలను అనుమానించాలి. కడుపునిండా పాలు తాగే ఆరోగ్యమైన దూడ మూత్రం సహజంగానే పలుచన కాబట్టి, దానికి ఈ లెక్క వర్తించదు.

సెలైన్ ఎక్కిస్తే మూత్రం పలుచబడి ఈ లెక్క తప్పుతుంది, అందుకే సెలైన్ ఎక్కించకముందే మూత్రం పట్టాలి. యోని ద్వారం కింద మెల్లగా నిమిరితే చాలాసార్లు దూడ మూత్రం పోస్తుంది. మొదటి ధార వదిలేసి, మధ్యలోది శుభ్రమైన సీసాలో పట్టి, అరగంటలోపు పరీక్ష చేయించండి. అదే సమయంలో రక్తంలో క్రియాటినిన్, యూరియా (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థాలు) చూపించి, ఒంట్లో నీరు సర్దుకున్నాక మరోసారి చూపించండి. అవి దిగివస్తే లోపం నీటి కొరతదే. దిగిరాకపోతే మూత్రం అడుగున చేరే మడ్డిని మైక్రోస్కోపు కింద పరిశీలించాలి.

బొడ్డు వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే అక్కడి చీము మూత్రాశయం దాకా పాకవచ్చు. జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్, నొప్పి తగ్గించే సూదులు ఇప్పటికే వేయించి ఉంటే వాటి పేర్లు, మోతాదులు కూడా పశువైద్యునికి తెలపండి. నీరు తగ్గిన దూడలో ఇవి కిడ్నీలకు హాని చేయగలవు. దూడ రోజంతా మూత్రం పోయకపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా, పొట్ట ఉబ్బుతున్నా పరీక్ష ఫలితాల కోసం ఆగకుండా వెంటనే చూపించండి.