కంపెనీ మూతపడినా బోర్డు నడవాలి

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు కొనిపెట్టమని ఒకటే గొడవ. ఈ కంపెనీలు ఇట్టే వచ్చి ఇట్టే మూతపడుతున్నాయని విన్నాను. ముందు ముందు వీటిలో ఎలాంటి మార్పులు రావచ్చు? ఇప్పుడే కొనాలా, ఆగాలా? - ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. కాలిఫోర్నియా కంపెనీ బూస్టెడ్ 2012లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి మొదలైంది. ఈ రంగంలో ఎంతో పేరు తెచ్చుకుంది. 2020లో చేతులెత్తేసింది. ఈ బోర్డులు విప్పి బాగుచేయడం నా పని కాబట్టి ఆ తర్వాతి కథ నాకు బాగా తెలుసు. నిలబడే చెక్క, అంటే డెక్, గట్టిగానే ఉంటుంది, మోటార్లు తిరుగుతూనే ఉంటాయి, పోయేది బ్యాటరీ ఒక్కటే. కింద మూత మరలు తీస్తే లోపల ఉండేవి లిథియం సెల్సే. కానీ ఆ సెల్స్ కట్టకు, అంటే ప్యాక్‌కీ, మోటారును నడిపించే కంట్రోలర్‌కీ మధ్య నడిచే సంకేతాలు ఆ కంపెనీ సొంతం. బయటి ప్యాక్ నేరుగా తగిలిస్తే బోర్డు కదలదు. బంగారంలాంటి బోర్డు అలా మూలన పడితే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకే నేను కోరుకునే మొదటి మార్పు వేగం కాదు, బ్యాటరీ ఎవరైనా మార్చుకోగలగడం. దారి ఇప్పటికే ఉంది. స్వీడన్‌కు చెందిన బెంజమిన్ వెడ్డర్ 'వెస్క్' అనే మోటార్ కంట్రోలర్ తయారుచేసి, దాని డిజైన్‌నూ సాఫ్ట్‌వేర్‌నూ గుట్టు లేకుండా అందరికీ ఇచ్చేశాడు. సొంతంగా బోర్డు కట్టుకునేవాళ్లలో చాలామంది వాడేది అదే. కంపెనీలన్నీ ఆ బాట పట్టాలి.

రెండోది బ్రేక్. ఇది మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. చాలా బోర్డుల్లో బ్రేక్ వేస్తే మోటారే జనరేటర్‌గా మారి కరెంటును బ్యాటరీలోకి తోస్తుంది. ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరి వెంటనే వాలు దిగితే ఆ కరెంటుకు చోటుండదు. బ్యాటరీ పాడవకుండా కంట్రోలర్ బ్రేక్‌ను తగ్గిస్తుంది, కొన్ని బోర్డుల్లో పూర్తిగా ఆపేస్తుంది. చేతిలోని రిమోట్ మీది చక్రం ఎంత వెనక్కి తిప్పినా బోర్డు జారుతూనే ఉంటుంది. వాలు దిగేది ఉన్న రోజు చార్జింగ్ కాస్త తక్కువ పెట్టుకోవాలి. మిగులు కరెంటును రెసిస్టర్‌లో వేడిగా ఖర్చు చేసే ఏర్పాటు ప్రతి బోర్డులోనూ ఉండాలని నా కోరిక.

బోర్డు ముందుగా హెచ్చరించడం కూడా అవసరమే. ఒంటి చక్రం మీద నడిచే వన్‌వీల్‌లో మోటారు శక్తి చాలకపోతే ముందు భాగం నేలకు కొట్టుకుంటుంది. నలుగురు చనిపోయిన ఉదంతాలు బయటపడ్డాక, 2023లో అమెరికాలో దాదాపు 3 లక్షల బోర్డులపై, లోపం సరిదిద్దేందుకు, రీకాల్ ప్రకటించారు. కొత్త మోడళ్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. ఇప్పుడు హద్దు దగ్గరపడితే బోర్డు పాదాల కింద వణికి చెబుతుంది. అన్ని కంపెనీలూ ఇది పెట్టాలి.

లోపల ద్రవానికి బదులు ఘనపదార్థం వాడే సాలిడ్ స్టేట్ అనే కొత్తరకం బ్యాటరీల కోసమైతే ఆగకండి. ఇప్పుడే కొనండి, మోటారు చక్రాన్ని బెల్ట్‌తో తిప్పేదైతే మేలు. తెగిన బెల్ట్‌ను మీ అబ్బాయే మార్చుకోగలడు. అమ్మేవాళ్లను ముందు స్పేర్ బ్యాటరీ గురించి అడగండి. అది విడిగా అమ్మకపోతే వేరే బోర్డు చూడండి. హెల్మెట్, రిస్ట్ గార్డులు మాత్రం బోర్డుతో పాటే ఇంటికి రావాలి.