నెలకి 500 ఇస్తే మనకేం వస్తుంది?

"ఊళ్ళో ఒక చిన్న సేవా సంస్థకి ప్రతి నెలా డబ్బు పంపాలనుకుంటున్నాను, దానివల్ల మనకి ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. ఒరుగుతుందండి. ఆరేళ్ళుగా ఇస్తున్నాను కాబట్టి ధైర్యంగానే చెప్తున్నాను.

మాది రాజమండ్రి. పెద్దాసుపత్రి దగ్గర రోజూ రాత్రి ఏడింటికి, రోగుల వెంట వచ్చినవాళ్ళకి అన్నం పెట్టే చిన్న బృందం ఒకటుంది. నలుగురైదుగురు రిటైరైనవాళ్ళు, ఒక వంటావిడ, ఒక ట్రాలీ ఆటో, అంతే. మంచం మీదున్న మనిషికి ఆసుపత్రిలో పెడతారు, పక్కన కూర్చున్నవాళ్ళ సంగతి? రంపచోడవరం, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు చేతిలో ఉన్నది బస్సులకీ మందులకీ అయిపోయి, ఓ టీ, ఓ బన్నుతో రాత్రి గడిపేస్తారు.

మొదట్లో నేను నాన్నగారి ఆబ్దికానికోసారి, పాప పుట్టినరోజుకోసారి ఇచ్చేదాన్ని. ఒక ఆషాఢంలో, జోరు వాన, ఫోన్లో డబ్బు వెళ్ళక చేతికిచ్చి వద్దామని వెళ్ళాను. ఆ రోజు వడ్డించేవాళ్ళు ఇద్దరు రాలేదు. లెక్కలు చూసే మాస్టారు నా చేతికి మజ్జిగ గరిటె ఇచ్చి "ఇటు నిలబడమ్మా" అన్నారు. వరసలో ఒక పెద్దావిడ వచ్చింది, కూతురు కాన్పుకొచ్చింది, బిడ్డ బరువు తక్కువని అద్దాల పెట్టెలో పెట్టారట. ఆవిడ అన్నం పెట్టించుకుని, పక్కకెళ్ళి సగం అన్నం క్యారేజీ గిన్నెలోకి తీసి మూత పెడుతోంది. పెడుతూ పెడుతూ ఆగి "రేపు కూడా వత్తారా బాబూ?" అని అడిగింది. మాస్టారు తలెత్తకుండానే "వస్తామమ్మా, రోజూ వస్తాం" అన్నారు. ఆవిడ మూత తీసి, ఆ అన్నం మళ్ళీ విస్తట్లో వేసుకుని మొత్తం తినేసింది.

అంత వానలో, మనుషులే లేని రోజున, అంత గట్టిగా ఎలా చెప్పారని తర్వాత అడిగాను. నోటు పుస్తకం తీసి చూపించారు. నెలనెలా ఇచ్చేవాళ్ళు డెబ్భై మంది, 200, 300, 500. రోజుకి పన్నెండు కిలోల బియ్యం, సుమారు వంద మందికి. బియ్యం, గ్యాసు ఈ పేర్లని నమ్ముకునే తెప్పిస్తారట, పైన ఎవరైనా ఇస్తే ఆ రోజు కూర, స్వీటు. ఆ నెలనుంచే నా పేరూ రాయించాను.

అసలు నా బాధేంటంటే, మనవాళ్ళందరికీ కార్తీకంలోనే దానం గుర్తొస్తుంది. ఆ నెలలో ఒకే రోజుకి ముగ్గురు దాతలు పోటీపడతారు, ఆషాఢంలో మామూలు మంగళవారానికి ఒక్కరూ దొరకరు. ఇచ్చే నాలుగు పొట్లాలకి ఫ్లెక్సీ, ఫోటోలు ఒకటి. అన్నం కోసం చెయ్యి చాచిన మనిషి మొహం ఫోన్లో ఎందుకు పెట్టాలండీ? మా గోదావరి జిల్లాలో డొక్కా సీతమ్మ గారిని ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే, లంకల గన్నవరంలో ఆవిడ గుమ్మం ముందుకి ఏ వేళకి వెళ్ళినా అన్నం దొరికేది కాబట్టి. పండగలకి మాత్రమే పెట్టి ఉంటే 1909లో పోయిన మనిషి పేరు ఇవాళ్టికీ నిలిచేదా?

పన్ను లాభం గురించి కూడా చాలామంది అడుగుతారు. విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు (80జి అంటారే, అది) కొత్త పన్ను విధానంలో లేదు, పాత విధానంలో కూడా 2,000 దాటి నగదు ఇస్తే రాదు. దానికోసమైతే ఇంత ఆలోచన అక్కర్లేదు.

నాకేం వచ్చిందంటారా, మొన్న టైఫాయిడ్‌తో పడుకుని ఒకటో తారీఖు డబ్బు పంపడం మర్చిపోయాను. ఆరో తారీఖున మాస్టారు ఫోన్ చేశారు. డబ్బు మాటే ఎత్తలేదు, "ఒంట్లో బావుందా అమ్మా?" అన్నారు. చుట్టాల్లో ఎవరికీ నేను పడుకున్న సంగతే తెలీదు.

మీ ఊళ్ళో ఇలాంటివాళ్ళుంటే ముందు ఒక సాయంత్రం వెళ్ళి చూడండి, వంట చూడండి, పుస్తకం చూపించమనండి. దాతలు దొరకని రోజు ఏదో అడిగి, ఆ రోజుకి మీ పేరు రాయించండి.